కొలిమి దగ్గరివాళ్ల గురించీ రాయండి

రక్షణ సంస్థలను నడిపించేవాళ్లపై మీ వ్యాసం బాగుంది. కానీ ఛైర్మన్లు, డైరెక్టర్ల చదువుల దగ్గరే ఆగిపోయింది. మా నాన్నగారు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధానిలో (మిశ్ర ధాతు నిగమ్, ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) పనిచేశారు. 1973లో పెట్టిన సంస్థ అది. రాకెట్ మోటారు కేసింగ్‌లకు, అంటే ఇంధనం ఉండే బయటి గొట్టాలకు, వాడే మారేజింగ్ స్టీల్ అనే చాలా బలమైన ఉక్కు అక్కడ తయారవుతుంది. అందులో నికెల్ దాదాపు 18 శాతం, కార్బన్ నామమాత్రం. వ్యాక్యూమ్‌లో కరిగించాలి, లేకపోతే గాలిలోని వాయువులు చేరి లోహం దెబ్బతింటుంది. తర్వాత సుమారు 480 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితేనే ఆ బలం వస్తుంది. కొలిమిలో హీట్ (ఒక విడత లోహం కరిగించడం) నడుస్తున్న రోజు నాన్న ఇంటికొచ్చినా, కంచం ముందు కూర్చుని గడియారమే చూసేవారు. ఆ టెన్షన్ మాకూ తెలిసేది. సైంటిస్టులంటే నాకు ఎంతో గౌరవం. వాళ్ల పక్కనే లోహం కరిగించే మెల్టర్లు, వెల్డర్ల గురించీ రాయండి సార్. రిటైరైనవాళ్లను అడిగితే గంటలు గంటలు చెబుతారు.