స్కైరిమ్‌లో మేజ్ బలం నిప్పులో లేదు

2011 నవంబరు 11న విడుదలైన ఫాంటసీ వీడియో గేమ్ స్కైరిమ్‌ను ఇవాళ్టికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లలో మేజ్‌గా, అంటే మంత్రగాడిగా, ఆడదామనుకునేవాళ్లలో ఎక్కువమంది ఒకే దారి పడతారు. మిగతా జాతులన్నీ 100 మ్యాజికాతో (మంత్రాలు వేయడానికి ఖర్చయ్యే శక్తితో) మొదలైతే హై ఎల్ఫ్‌కు 150 ఉంటుంది కాబట్టి ఆ జాతినే ఎంచుకుంటారు. లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చే 10 పాయింట్లూ మ్యాజికాలోనే వేస్తారు. పెర్కులన్నీ, అంటే ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యాలన్నీ, నిప్పులాంటి వాటితో కొట్టే డిస్ట్రక్షన్ విద్యలో పెడతారు. చేతుల్లోంచి మంటలు వస్తుంటాయి, బందిపోట్లు పిట్టల్లా రాలిపోతుంటారు, కొన్నాళ్లు ఆట బ్రహ్మాండంగా సాగుతుంది. ఆ తర్వాత ఏదో పాత సమాధిలో డ్రాగర్ డెత్‌లార్డ్ (లేచి నడిచే శవాల్లో బలమైనవాడు) శవపేటిక మూత తన్ని బయటికొస్తాడు. ఉన్న మ్యాజికా అంతా వాడి మీద కుమ్మరించినా వాడు నడుచుకుంటూ వచ్చేస్తాడు. చాలామంది అక్కడే 'ఈ గేమ్‌లో మేజ్ వేస్ట్' అని తేల్చేసి, విల్లు పట్టుకుని చాటు నుంచి కొట్టే బిల్డ్‌కు (పాత్రను మలుచుకునే తీరుకు) మారిపోతారు.

వాళ్ల కోపం అర్థమవుతుంది కానీ ఆ తీర్పుతో నేను ఏకీభవించను. మేజ్ అంటే దూరం నుంచి ఎక్కువ డ్యామేజ్ కొట్టేవాడు అనుకోవడంలోనే అసలు చిక్కంతా ఉంది. స్కైరిమ్ లెక్కలు చూస్తే ఈ ఆట మేజ్‌ను అలా తయారు చేయలేదని స్పష్టంగా తెలుస్తుంది.

కత్తి వాడేవాడికి స్కిల్ పెరిగేకొద్దీ దెబ్బ బరువెక్కుతుంది. స్మితింగ్‌తో (కమ్మరి పనితో) ఆ కత్తికే ఇంకా పదును పెట్టుకోవచ్చు. డిస్ట్రక్షన్‌లో స్కిల్ 20 ఉన్నా 100 ఉన్నా ఫైర్‌బోల్ట్ అనే నిప్పు మంత్రం దెబ్బ 25 పాయింట్లే. స్కిల్ పెరిగితే తగ్గేది మ్యాజికా ఖర్చు మాత్రమే. డ్యామేజ్ పెంచే ఆగ్మెంటెడ్ ఫ్లేమ్స్ పెర్క్ రెండు ర్యాంకులూ తీసుకుంటే 50 శాతం కలుస్తుంది, అంతటితో సరి. ఎక్స్‌పర్ట్ స్థాయి నిప్పు మంత్రం ఇన్సినరేట్‌నే తీసుకోండి. దాని అసలు దెబ్బ 60, పెర్కులతో 90. రెండు చేతులతో కలిపి వేస్తే దెబ్బ 2.2 రెట్లు అవుతుంది కానీ ఖర్చు 2.8 రెట్లవుతుంది. స్కిల్ 100కు చేరి, ఖర్చును సగం చేసే పెర్క్ కూడా తీసుకున్నాక ఒక్కసారి అలా వేయడానికి దాదాపు 250 మ్యాజికా కావాలి. దక్కే దెబ్బ 198. 2013లో వచ్చిన లెజెండరీ అనే అత్యంత కష్టమైన డిఫికల్టీలో మనం కొట్టే దెబ్బలో నాలుగో వంతే తగులుతుంది. అంటే 250 మ్యాజికా పోసి 50 పాయింట్లు కొట్టినట్టు.

ఖర్చైన మ్యాజికా తిరిగి నిండుతుంది కదా అంటారు. ఫైట్ లేనప్పుడు సెకనుకు మొత్తంలో 3 శాతం నిండుతుంది. ఫైట్ మొదలైతే అది సుమారు ఒక్క శాతానికి పడిపోతుంది. 300 మ్యాజికా ఉన్నవాడికి సెకనుకు 3 పాయింట్లు! ఇంకో ఇన్సినరేట్ వేయాలంటే నిమిషానికి పైగా ఆ గదిలో స్తంభాల చుట్టూ పరిగెత్తుతూ ఉండాలి. లెవెల్ పెరిగినప్పుడు మ్యాజికాలో వేసే ఆ 10 పాయింట్లు ఈ సమస్యను తీర్చలేవు.

తీర్చేది ఎన్‌చాంటింగ్, అంటే వస్తువులకు మంత్రశక్తి ఎక్కించే విద్య. నా ఉద్దేశంలో మేజ్ మొదటి రోజు నుంచీ పెంచుకోవాల్సిన స్కిల్ ఇదే, డిస్ట్రక్షన్ దీని తర్వాతే. దీన్ని పెంచే దారి కూడా మేజ్ చేతిలోనే ఉంది. హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంప్‌లో దొరికే ట్రాన్స్‌మ్యూట్ స్పెల్‌తో ఇనుప ఖనిజం వెండి అవుతుంది, వెండి బంగారం అవుతుంది. ఆ బంగారంతో ఉంగరాలు చేసి, వాటికి చిన్న చిన్న సోల్ జెమ్‌లతో (ఆత్మలను బంధించే రాళ్లతో) ఏదో ఒక మంత్రం పెట్టి అమ్మితే అటు ఆల్టరేషన్ (ట్రాన్స్‌మ్యూట్ లాంటి మంత్రాల విద్య), ఇటు ఎన్‌చాంటింగ్ పెరుగుతాయి, చేతిలో డబ్బూ ఆడుతుంది. సోల్ జెమ్‌లు నింపడానికి, జీవులనూ ఆయుధాలనూ పిలిచే విద్య కంజురేషన్ పనికొస్తుంది. ఆ స్కిల్ 30కి చేరాక సోల్ స్టీలర్ పెర్క్ తీసుకుంటే మంత్రంతో పుట్టించిన కత్తి తగిలినవాడు చచ్చినప్పుడు ఆత్మ నేరుగా జెమ్‌లోకి వెళ్తుంది. ఒక విద్య ఇంకో విద్యకు ఇలా చేయూతనివ్వడం స్కైరిమ్‌లో నాకు చాలా నచ్చే విషయం. డిస్ట్రక్షన్ ఒక్కటే పట్టుకుని ఆడేవాడికి ఇది కనిపించనే కనిపించదు.

ఎన్‌చాంటింగ్ 100కు చేరి పెర్కులన్నీ తీసుకున్నాక, గ్రాండ్ సోల్‌తో (అతి పెద్ద ఆత్మతో) ఒక్కో వస్తువు మీద డిస్ట్రక్షన్ ఖర్చును 25 శాతం తగ్గించుకోవచ్చు. తలకు, ఒంటికి, మెడకు, వేలికి పెడితే నాలుగు పాతికలు నూరు. ఖర్చు సున్నా. ఎక్స్‌ట్రా ఎఫెక్ట్ పెర్క్ ఉంటే అవే నాలుగు వస్తువుల మీద ఇంకో విద్యను కూడా ఉచితం చేసుకోవచ్చు. బలమైన మేజ్ బిల్డ్ అని ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఇదే.

చేయొద్దనే నా సలహా. మూడు వస్తువులతో 75 శాతం దగ్గర ఆగిపోండి.

ఖర్చు సున్నా అయిన క్షణం నుంచి మ్యాజికా అనే గీతకు ఆటలో పని ఉండదు. ఎంతో కష్టపడి సంపాదించుకున్న ఆర్చ్‌మేజ్ రోబ్స్, గాయాలు మాన్పే విద్య రెస్టొరేషన్‌లో మ్యాజికాను త్వరగా నింపే రికవరీ పెర్క్, దాచుకున్న పోషన్లు, అన్నీ చెత్త కిందే లెక్క. పైగా డిస్ట్రక్షన్‌లో ఇంపాక్ట్ అనే పెర్క్ ఉంది. రెండు చేతులతో కలిపి వేసిన స్పెల్ తగిలితే శత్రువు తూలిపోతాడు. ఖర్చు లేకుండా దాన్నే వేస్తూ పోతే డ్రాగన్ కూడా నిలబడి తూలుతూనే ఉంటుంది. దాంట్లో టెన్షన్ లేదు, ఆలోచన లేదు, బటన్ నొక్కడం తప్ప. మేజ్‌గా ఆడటంలో మజా అంతా 'ఇంకా ఎంత మిగిలింది, దేనికి వాడాలి' అనే లెక్కలో ఉంది. 75 శాతం తగ్గితే పైన చెప్పిన 250 ఖర్చు 62 దగ్గరికి వస్తుంది. 300 మ్యాజికాతో నాలుగు సార్లు వేయొచ్చు. నాలుగు అవకాశాలు ఉన్న మేజ్‌కు గట్టి బలమే ఉంది. ఐదోది ఉండదని తెలుసు కాబట్టి బుర్ర కూడా పెడతాడు.

లెజెండరీలో దెబ్బ నాలుగో వంతే కదా, ఉచితంగా వేసుకోకపోతే గెలిచేదెలా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ కోత మన చేతి దెబ్బలకే, మనం పిలిచిన జీవులకు కాదు. కంజురేషన్ 100కు తెచ్చి ట్విన్ సోల్స్ తీసుకుంటే డ్రెమోరా లార్డులు అనే ఇద్దరు రాక్షస యోధులు మీ ముందు నిలబడతారు, డెత్‌లార్డ్‌తో వాళ్లు చూసుకుంటారు. శత్రువుల మనసులను ఆడించే విద్య ఇల్యూజన్ అయితే ఇంకా గొప్పది. క్వయట్ కాస్టింగ్ పెర్క్‌తో చప్పుడు లేకుండా చీకట్లో కూర్చుని, కోటలో కాపలా ఉన్న ఒక బందిపోటు మీద ఫ్యూరీ వేస్తే వాడు పక్కవాడి మీద కత్తి దూస్తాడు. మూడోవాడు విడదీయబోయి దెబ్బ తింటాడు. ఈ మంత్రాలకు లెవెల్ పరిమితి ఉంటుంది కాబట్టి దాన్ని పెంచే పెర్కులు తప్పకుండా తీసుకోవాలి. 90 దగ్గర వచ్చే మాస్టర్ ఆఫ్ ద మైండ్‌తో డ్రాగర్లు, యంత్రాలు కూడా లొంగుతాయి. ఇలాంటి పనులు కత్తివీరుడు ఎంత బలవంతుడైనా చేయలేడు.

జాతి విషయంలో నా ఓటు హై ఎల్ఫ్‌కు కాదు, బ్రెటన్‌కు. పుట్టుకతోనే 25 శాతం మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉంటుంది, ఆల్టరేషన్ పెర్కులు ఇంకో 30 ఇస్తాయి. 50 అదనపు మ్యాజికా ఐదు లెవెళ్లలో వచ్చేస్తుంది, ఆ 25 శాతం అంత తేలిగ్గా రాదు. ఆరోగ్యంలో కూడా పాయింట్లు వేయండి. రెండు లెవెళ్లు మ్యాజికాకు ఇస్తే ఒకటి ఆరోగ్యానికి ఇవ్వాలి, ఇందులో పిసినారితనం పనికిరాదు.

ఈ బిల్డ్‌కు అసలు పరీక్ష ల్యాబిరింథియన్ అనే పాత శిథిలాల్లో ఉంది. కాలేజ్ ఆఫ్ వింటర్‌హోల్డ్ (మంత్రగాళ్ల విద్యాలయం) కథలో స్టాఫ్ ఆఫ్ మాగ్నస్ అనే మంత్రదండం కోసం అక్కడికి దిగినప్పుడు మధ్య మధ్య ఒక గొంతు వినిపిస్తుంది, వినిపించిన ప్రతిసారీ మ్యాజికా హరించుకుపోతుంది. ఖర్చు సున్నా చేసుకున్నవాడికి అది పట్టనే పట్టదు. డిస్ట్రక్షన్ ఒక్కటే నమ్ముకున్నవాడు అక్కడ నిస్సహాయంగా నిలబడతాడు. ముందే డ్రెమోరాను పిలిచి పెట్టుకున్నవాడికి మళ్లీ నింపుకునే వ్యవధి దొరుకుతుంది. అదే సొరంగాల్లో ఈక్విలిబ్రియమ్ అనే స్పెల్ పుస్తకం కూడా ఉంది, సెకనుకు 25 ఆరోగ్యాన్ని 25 మ్యాజికాగా మార్చే స్పెల్ అది. ఆరోగ్యంలో పాయింట్లు వేసుకున్నవాడికే అది కలిసొస్తుంది. చివర్లో ఎదురయ్యే శత్రువు మొరోకీ చేతిలో ఉన్న స్టాఫ్ మళ్లీ మీ మ్యాజికానే లాగేస్తుంది కాబట్టి, ఆ పుస్తకాన్ని వెతికి చదివాకే అతని గదిలోకి వెళ్లండి.