మహారాజశ్రీ స్క్రీన్ ప్రింట్ కలంకారీ గారికి

సంచులు, లాప్‌టాప్ కవర్లు కుట్టుకునే ఒక మనిషి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు, ఏ షాపులో చూసినా తానులు తానులుగా మీరే. తెలియాల్సింది మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో చేత్తో కలంకారీ అద్దేవాళ్ళ క్షేమమే.

పాపం, వాళ్ళకి తొందర తెలీదు. బట్టని కరక్కాయ, గేదెపాలలో నానబెట్టాలి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి పులియబెడితే గానీ నలుపు రాదు. పటిక నీళ్ళతో అద్దిన చోట ఎరుపు తేలాలంటే కాగుల్లో ఉడకబెట్టాలి. మధ్యలో కాలువలో జాడించడం, ఎండబెట్టడం. మబ్బు పట్టిందా, పని ఆగినట్టే. మీకీ టెన్షన్లేవీ లేవు. పొద్దున్న తెల్లగా వెళ్ళి సాయంత్రానికి నెమళ్ళతో దిగుతారు.

అయినా మీ అదృష్టమంతా మా సంచుల్లోనే ఉందండీ. చీరైతే కొనేవాళ్ళు కొంగు తిప్పి చూస్తారు. రంగు అవతలికి దిగక వెలవెలబోతూ కనిపిస్తే మీ గుట్టు రట్టే. సంచీకి ఆ భయం లేదు. వెనక ఫోము, దాని వెనక అస్తరు, చుట్టూ పైపింగు. మీ వీపు చూసే భాగ్యం కుట్టే నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

అచ్చులతో అద్దిన అసలు బట్టే తెచ్చి కుట్టాననుకోండి, టేకు అచ్చు పక్కన అచ్చు వేసిన చోట తీగ వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. "ఆంటీ, ఇది డిఫెక్ట్ పీసా? రేటు తగ్గించండి" అంటారు. మీ తీగ ఎక్కడా తప్పదు. "ఎంత నీట్‌గా ఉందో, చేత్తో వేశారా!" అని మిమ్మల్నే మెచ్చుకుంటారు. నేను దారం తెంపుకుంటూ కూర్చుంటాను.

1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు మన అద్దకపు బట్టలు రానివ్వకుండా చట్టాలే చేసుకున్నాయి. అంతటి దొరలకి చట్టం కావాల్సివచ్చింది, మీకు ధర చీటీ చాలింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు అక్కడి అసలు బట్టకే చెల్లుతుందనే జీఐ ట్యాగ్, ఉందని మీకు తెలియక కాదు. తెలుసు కాబట్టే "కలంకారీ" పక్కన చీమతలంత అక్షరాల్లో "డిజైన్" అని చేర్చుకున్నారు. ఎంత మర్యాదస్తులు!

ఒక్క మనవి. సంచీ ఒకే ముక్కలో కోసి అడుగున మడిస్తే, ఒకవైపు నెమళ్ళు నిలబడుతున్నాయి, రెండోవైపు తలకిందులవుతున్నాయి. రెండు ముక్కలుగా కోసి అతుకుదామంటే బట్ట ఎక్కువ పడుతోంది. ఎలాగూ మెషిన్లోంచే వస్తారు కదా, మడతకి అవతలి సగం నెమళ్ళని తిప్పి అచ్చేయించుకుని రండి. చేతిపనే అనుకుని ఇంకో యాభై రూపాయలు ఎక్కువిస్తారు.

ఇట్లు,
మీ విధేయురాలు