ఇంగ్లీషుని కాపాడుకుందాం, రండి

ఈ మధ్య నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఇంగ్లీషు పరిస్థితి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. సొంత భాష చచ్చిపోతోందని గుండెలు బాదుకునేవాళ్లు ప్రతి భాషకీ కావలసినంతమంది ఉన్నారు. ఇంగ్లీషుని చూసి మాత్రం బయటివాళ్లు భయపడతారు, లేదంటే కుళ్లుకుంటారు. అయ్యో పాపం అనేవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు తీర్చడానికి చివరికి నేనే నడుం కట్టాను.

భాషాభిమానులు ఏ భాషనైనా ముందు సొంత మాటలెన్ని, ఎరువు మాటలెన్ని అని లెక్క తీస్తారు కదా. ఆ లెక్కలో ఇంగ్లీషు పరువు 1066లోనే పోయింది. ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచారు. రాజు, దర్బారు, కోర్టు అన్నీ ఫ్రెంచిలోకి మారిపోయాయి. ఇంగ్లీషు పశువుల పాకలోకి పోయింది. ఇది కోపంతో అంటున్న మాట కాదు, సాక్ష్యం ఉంది. గడ్డి మేస్తున్నంతసేపూ అది కౌ, పళ్లెంలోకి రాగానే బీఫ్. బురదలో దొర్లితే పిగ్, బల్ల మీదికెక్కితే పోర్క్. మందలో షీప్, గిన్నెలో మటన్. మేపినవాడి మాట ఇంగ్లీషు, తిన్నవాడి మాట ఫ్రెంచి. ఆ తిన్నవాళ్లు పోయి వందల ఏళ్లయింది. మేపినవాళ్ల మునిమనవలు మాత్రం ఇవాళ్టికీ హోటల్లో కూర్చుని దొరగారి మాటతోనే ఆర్డరిస్తున్నారు.

దాదాపు మూడొందల ఏళ్లకి వాళ్లకి మెలకువ వచ్చింది. కోర్టుకెక్కినవాడికి లాయరు తన తరఫున వాదిస్తున్నాడో తన మీదే వాదిస్తున్నాడో అర్థం కావడం లేదనీ, కాబట్టి ఇకనుంచి వాదనలు ఇంగ్లీషులోనే జరగాలనీ 1362లో మూడో ఎడ్వర్డు కాలంలో చట్టం చేశారు. ఆ చట్టాన్ని ఫ్రెంచిలో రాశారు. చదివేవాళ్లు నమ్మరని తెలుసు గానీ, ఈ విషయంలో నేను కల్పించిందేమీ లేదు. ఆ తెలివి వాళ్లదే.

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇంగ్లీషు విషయంలో ఆ సామెత కూడా ఓడిపోయింది. లాటిన్, గ్రీకు, అరబిక్, ఎవరి నగ దొరికితే అది పెట్టుకుని ఊరేగింది, తిరిగి ఇమ్మని అడిగినవాడు లేడు. ఇందులో మన వాటా కూడా ఉంది. మనకి ఎంత కవిత్వం ఉంది, ఎన్ని శాస్త్రాలున్నాయి, అవన్నీ వదిలేసి వాళ్లు మన దగ్గర ఏరికోరి పట్టుకెళ్లింది పందికొక్కుని. దాన్ని బాండికూట్ చేశారు. పోనీ పందికొక్కునే ఆ పేరుతో పిలుచుకుని ఊరుకున్నారా అంటే, ఆస్ట్రేలియాలో కనిపించిన ఇంకేదో జంతువుకి కూడా అదే పేరు తగిలించారు. దానికీ పందికొక్కుకీ చుట్టరికమే లేదు, అది కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెట్టుకు తిరిగే జాతి. తెలుగువాళ్ల తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు దాఖలాలు లేవు.

స్పెల్లింగు సంగతి ఇంకా ఘోరం. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ల దీర్ఘాచ్చులు ఉన్నచోట ఉండలేక నోట్లో పైపైకి ఎగబాకడం మొదలుపెట్టాయి. అంటే కాగితం మీద అచ్చయిన మాటలు కదలకుండా కూర్చున్నాయి, నోట్లో అచ్చులు లేచి వెళ్లిపోయాయి. ఆ తర్వాత పండితులు రంగంలోకి దిగారు. అప్పు అనే అర్థం ఉన్న డెట్ అనే మాట సుఖంగా పలికినట్టే రాసుకుంటుంటే, దీని తాత లాటిన్‌వాడు, ఆయన పేరులో బి ఉందని చెప్పి మధ్యలో ఒక బి ఇరికించారు. అప్పు తీరుతుంది గానీ ఆ బి తీరదు. ఐలాండ్‌లో ఎస్ అయితే మరీ అన్యాయం. ఆ మాటకి లాటిన్‌తో సంబంధమే లేదు, ఉందనుకుని ఎస్ పెట్టారు. ఇప్పుడు ప్రపంచంలోని పిల్లలందరూ ఆ పొరపాటుని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు.

మరి ఇంట్లో పెద్దలు లేరా, అడిగేవాళ్లు లేరా? ఫ్రెంచివాళ్లకి 1635 నుంచి అకాడమీ ఉంది. 40 మంది సభ్యులు, వాళ్లకి అమరులని బిరుదు. ఇంగ్లీషుకీ అలాంటిదొకటి పెట్టి భాషని ఒకసారి సరిచేసి మళ్లీ కదలకుండా బిగించేయాలని 1712లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ పెద్ద ప్రతిపాదన రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. లాటిన్ మాటని తెగ్గొట్టి జనం తయారుచేసుకున్న 'మాబ్' అనే మాటని ఆపడానికి ఆయన ఏళ్ల తరబడి శతవిధాలా పోరాడాడు. మాబ్ గెలిచింది, ఆ మాటకి అర్థమే గుంపు కదా. శామ్యూల్ జాన్సన్ కూడా భాషని కట్టేద్దామనే డిక్షనరీ మొదలుపెట్టి, 1755లో అది బయటికొచ్చే వేళకి ఇది కట్టేస్తే ఆగే సరుకు కాదని ముందుమాటలో ఒప్పేసుకున్నాడు. అంతెందుకు, ఇంగ్లీషే అధికార భాష అని చెప్పే చట్టం ఇంగ్లండుకి ఇప్పటికీ లేదు. అమెరికాలో కూడా 2025 మార్చిదాకా అలాంటి ఉత్తర్వు లేదు.

ఫ్రెంచివాళ్ల అమరులు మాత్రం ఏం సాధించారని అడక్కండి. ఇంగ్లీషు మాటల్ని తరిమికొట్టడానికి 1994లో జాక్ టూబోన్ అనే మంత్రి చట్టం తెచ్చాడు. జనం ఆయన పేరునే ఇంగ్లీషులోకి మార్చి మిస్టర్ ఆల్‌గుడ్ అని పిలిచారు.

ఇలా కాపలా లేని ఇల్లు కాబట్టే అందరూ వచ్చి చేరారు. ఇంగ్లీషు కూడా ఇంటిపట్టున ఉండలేదు, ముందు ఓడల్లో, తుపాకుల వెనకాల వెళ్లింది. తర్వాత సినిమాల్లో, విమానాల్లో, కంప్యూటర్లలో వెళ్లింది. ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఇంచుమించు 150 కోట్లని అంచనా, అందులో పుట్టుకతో వచ్చినవాళ్లు 40 కోట్ల లోపే. ఇంటివాళ్లకంటే అద్దెకున్నవాళ్లు ఎక్కువైపోయారు, వాళ్లు గోడలు కూడా పడగొట్టి కట్టుకుంటున్నారు. జర్మన్లు సెల్‌ఫోన్‌ని 'హ్యాండీ' అంటారు, అది ఇంగ్లీషు మాటే అయినా ఆ అర్థం ఏ ఇంగ్లీషువాడికీ తెలియదు. ఫ్రెంచివాళ్లకి 'స్మోకింగ్' అంటే విందులకి వేసుకునే కోటు. సింగపూర్ ప్రభుత్వం 2000లో జనం చేత మంచి ఇంగ్లీషు మాట్లాడించడానికి ఒక ఉద్యమమే నడిపింది. జనం వాక్యం చివర 'లా' తగిలించడం మానలేదు.

అన్నిటికంటే ఎక్కువ దూరం పాకిన మాటల్లో ఒకటి ఓకే. 1839లో బోస్టన్‌లో ఒక పత్రిక 'ఆల్ కరెక్ట్' అనేదాన్ని కావాలని తప్పుల తడకగా 'ఓల్ కొరెక్ట్' అని మార్చి, మొదటి అక్షరాలు ఓ, కే మాత్రం మిగిల్చి, ఓకే అని వేసింది. అంతా కరెక్టే అని తప్పు స్పెల్లింగుతో చెప్పడమే అక్కడ జోకు. ఆ జోకు మీదే ఇవాళ ప్రపంచం నడుస్తోంది.

ఇంతవరకూ బాధలే. అసలు టెన్షన్ ఇక్కణ్నించి మొదలవుతుంది, ఎందుకంటే ఈ భాష మన నోటితో ఆగకుండా బుర్రలోకి కూడా దిగింది.

ముందు ఒక అపోహ తొలగించాలి. ఇంగ్లీషులో అందరూ సమానమే, చిన్నా పెద్దా అందరినీ నువ్వు అంటారు అని మనవాళ్లు మురిసిపోతుంటారు. నిజం తలకిందులు. వాళ్లకి నువ్వుకి 'దౌ' ఉండేది, మీరుకి 'యు' ఉండేది. మర్యాద ముదిరి ముదిరి దౌ పోయింది, యు మిగిలింది. అంటే ఇంగ్లీషువాడు నువ్వు అనడమే మర్చిపోయాడు, కుక్కని కూడా మీరు కూర్చోండి అంటున్నాడు. క్వేకర్లు అనే మతశాఖవాళ్లు మాత్రం ఎంత గొప్పవాడినైనా దౌ అనే పిలుస్తామని పట్టుబట్టి, గొప్పవాళ్ల చేత చీవాట్లు తిన్నారు. సమానత్వం కోసం తన్నులకి సిద్ధపడింది నువ్వు అన్నవాళ్లేనని గమనించాలి.

దీనికంటే పెద్ద చిక్కు 'వుయ్'తో. మొన్న మా ఆఫీసులో పెద్దసారు అందరికీ ఒక మెయిల్ పెట్టారు. ఈ ఏడాది వుయ్ బాగా లాభపడ్డాం అని మొదలైంది. వచ్చే ఏడాది వుయ్ త్యాగాలు చేయాలి అని ముగిసింది. ఇంగ్లీషులో చదివితే ఎంతో ఆత్మీయంగా ఉంది. తెలుగులో రాసుకుందామని కూర్చున్నాను, మొదటి వాక్యంలోనే పెన్ను ఆగిపోయింది. 'మేము' లాభపడ్డామా, 'మనం' లాభపడ్డామా? మేము అంటే నిజం బయటపడుతుంది. మనం అంటే బోనస్ అడుగుతారు. రెండో వాక్యంలో మేమూ కుదరదు, మనమూ కుదరదు, అక్కడ ఉండాల్సింది అసలు 'మీరు'. మూడు వేర్వేరు మాటల్ని ఒకే దుప్పటి కింద పడుకోబెట్టగల భాషకి ప్రపంచంలోని కంపెనీలన్నీ ఎందుకు దాసోహమన్నాయో ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ మెయిల్‌లో 'ఆపర్చునిటీ' అనే మాట నాలుగుసార్లు వచ్చింది. నాకు బెంజమిన్ వోర్ఫ్ గుర్తొచ్చాడు. ఆయన అగ్నిప్రమాదాల బీమా కంపెనీలో ఇన్‌స్పెక్టరు, తీరిక వేళల్లో భాషాశాస్త్రం. పెట్రోలు నిండుగా ఉన్న డ్రమ్ముల దగ్గర జాగ్రత్తగా మసలేవాళ్లు, ఖాళీ డ్రమ్ముల దగ్గరికి రాగానే నిశ్చింతగా సిగరెట్ వెలిగించడం ఆయన చూశాడు. నిజానికి ఆవిరి నిండిన ఖాళీ డ్రమ్ముతోనే ప్రమాదం ఎక్కువ. మనుషులు డ్రమ్ముని చూడలేదు, 'ఖాళీ' అనే మాటని చూశారు. భాష మన ఆలోచనకి సంకెళ్లు వేస్తుందన్నంత దూరం ఇప్పటి పండితులు పోరు గానీ, ఓ పక్కకి తోస్తుందంటే చాలామంది కాదనరు. నేనైతే ఆపర్చునిటీ అనే మాట కనపడ్డ చోట సిగరెట్ వెలిగించను.

ఇంకొకటి కూడా చెప్పి వదిలేస్తాను. లింకన్ అమెరికాకి ఎన్నో అధ్యక్షుడు? ఈ చిన్న ప్రశ్నని ఇంగ్లీషులో సూటిగా అడిగి చూడండి. జవాబు మాత్రం సిద్ధంగా ఉంది, సిక్స్‌టీన్త్. దానికి ప్రశ్నే లేదు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 1989 ముద్రణ 20 సంపుటాలు, అన్నీ తిరగేసినా 'ఎన్నో'కి సాటి వచ్చే మాట దొరకదు. అందుకేనేమో, తాము చేస్తున్నది ఎన్నో పొరపాటో వాళ్లు ఎప్పుడూ అడుక్కోలేదు.

ఇవన్నీ వివరిస్తూ ఇంగ్లీషు జాతికి ఒక విజ్ఞప్తి రాయడానికి కూర్చున్నాను. ముందు ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను, 'వుయ్' దగ్గరే ఆగిపోయింది. అందుకని తెలుగులో రాశాను. ఇంగ్లీషుని కాపాడే కాగితం పరాయి భాషలో ఉండటమేమిటని ఎవరైనా అడిగితే, 1362 నాటి చట్టం చూపిస్తాను. కవరు మీద అడ్రస్ రాయబోతే అప్పుడు తట్టింది, వాళ్లకి అకాడమీ లేదు కదా, ఎవరికి పంపాలి?

మావాడు వచ్చి కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎన్నో ఉత్తరం నాన్నా?"

"మూడోది."

"ఓకే," అని వెళ్లిపోయాడు.