మునగదు, నిండుతుందంతే

పందెం పడవకి నిదానం తెలియదు. మా బావగారికి నిదానం తప్ప మరొకటి తెలియదు. ఈ ఇద్దరినీ కలిపింది సెకండ్ హ్యాండ్ సామాన్ల ప్రకటన ఒకటి. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కృష్ణలో తీరిగ్గా తిరగాలని ఆయనకో కోరిక పుట్టింది. తీరిగ్గా తిరగడానికి కొన్నది మాత్రం పరుగు కోసం పుట్టిన పడవని. "చవగ్గా వచ్చిందిరా" అన్నారు. మా కుటుంబంలో సగం అనర్థాలు ఈ మాటతోనే మొదలవుతాయి.

దాన్ని ఎంటర్‌ప్రైజ్ డింగీ అంటారు. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే ఆయన డిజైన్ చేసిన రేసింగ్ పడవ. పొడవు 13 అడుగుల పైచిలుకు, వెడల్పు 5 అడుగుల పైచిలుకు, తెరచాపలు నీలం. ఇద్దరు మనుషులు దాని అంచున కూర్చుని, గాలి గట్టిగా కొట్టినప్పుడల్లా ఒంటిని బయటికి వేలాడదీసి నడపాలి. వేలాడటానికి బావగారి నడుము ఒప్పుకోదు. ఆయనకి కావలసింది వీపుకి ఆనుడు, నెత్తిన గొడుగు, పక్కన ఫ్లాస్కు, ఎదురుగా మా అక్క.

"ఇలాంటివి రెండు ఆ ఏడే చలికాలం రాత్రి ఇంగ్లిష్ ఛానల్ దాటాయి, తెలుసా?" అన్నారు అక్కతో.

"దాటినవాళ్లు పులిహోర కట్టుకెళ్లారా?" అంది అక్క. ఈ యాత్రలో తన డ్యూటీ ఏమిటో ఆమెకి అప్పటికే అర్థమైపోయింది.

పడవ వచ్చి మొగల్రాజపురం అపార్టుమెంటు సెల్లార్‌లో కారు చోట దిగింది. కారు రోడ్డెక్కింది. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు రూల్సు కాగితం తిరగేసి చూశారు. కుక్కల గురించి ఉంది, పడవల గురించి లేదు. తెరచాపని మేడ మీద ఆరేస్తే వాచ్‌మన్ భార్య దాని మీద గుమ్మడి వడియాలు పెట్టింది. నీలం మీద తెల్లగా ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఎండాక వడియాలు ఊడి వచ్చాయి, మరకలు రాలేదు.

ఇక మార్పులు. పడవలు కట్టే మనుషులు నది ఒడ్డునే ఉంటారు. కానీ బెజవాడ మనిషికి ఏ వస్తువు చేతికొచ్చినా ముందు గుర్తొచ్చేది ఆటోనగరే. మినీ ట్రక్కులో వేసుకుని లారీ బాడీలు కట్టే షెడ్డుకి తీసుకెళ్లాం. మేస్త్రి పడవ చుట్టూ తిరిగి, వంగి కింద కూడా చూశాడు.

"ఇంజనేదండీ?"

"ఉండదు."

"బ్రేకు?"

"ఉండదయ్యా, పడవ!"

"పడవని తెలుసండీ. మరి మాతో ఏం పని?"

పనేమిటంటే, తెడ్లు వెయ్యాలి. గాలి లేనప్పుడు కదలాలంటే తెడ్లే దిక్కు. పందెం పడవల్లో ఆ ఏర్పాటు ఉండదు, ఎందుకంటే గాలి లేకపోతే పందెమే ఉండదు. తెడ్డు ఆనడానికి రెండు అంచుల మీదా యు ఆకారపు కొక్కేలు కావాలి. మేస్త్రి లారీ పక్కన తాడు కట్టే కొక్కేలనే వంచి, కింద ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించేశాడు. పడవ విరిగినా అవి విరగవు. ఆయన చేతికి అడ్డేముంది? పాత బస్సు సీటొకటి రెక్సిన్ మార్చి మధ్యలో వేశాడు. కాళ్ల కింద ఆకుపచ్చ గడ్డి మ్యాట్ పరిచాడు. పడవ వెనక వైపు, ఎవరూ అడక్కుండానే, ఎర్ర పెయింటుతో "సౌండ్ హారన్" అని రాయించి, కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు.

తెడ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెడ్డు పొడవులో మూడో వంతు పడవ లోపల, రెండు వంతులు బయట ఉండాలంటారు. ఆ లెక్కన ఇంత వెడల్పు పడవకి 8, 9 అడుగుల తెడ్లు పడతాయి. బావగారు ఇదంతా చదివారు, నాకు కాగితం మీద గీసి మరీ చూపించారు. తీరా చేయించే రోజున, వాటిని అయిదో అంతస్తులోని ఫ్లాట్‌కి ఎలా చేర్చాలన్న ప్రశ్న వచ్చింది. టేపు తీసుకుని లిఫ్టు కొలిచారు. ఆరడుగులకి తెడ్లు ఖాయమయ్యాయి. అవి కూడా టేకువి. ఒక్కోటి ఎత్తితే రోకలి తేలికనిపిస్తుంది.

పర్మిషన్ కోసం తిరిగిన కథ ఇంకో వ్యాసానికి సరిపోతుంది. తిప్పించినవాళ్ల తప్పూ లేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని, అంటే గేట్లు తేలిగ్గా లేవడానికి పెట్టిన బరువు దిమ్మల్ని, గుద్దాయి. అప్పట్నుంచి ఈ ఊళ్లో పడవ అన్న మాట వింటేనే ఎవరికైనా టెన్షన్. "మాది బ్యారేజీ దాకా వెళ్లదండీ" అని బావగారు హామీ ఇచ్చారు. మా పడవ విషయంలో నిజమైన మాట అదొక్కటే.

సంక్రాంతి వెళ్లిన ఆదివారం పున్నమి ఘాట్‌లో దింపాం. ఆకు కదలడం లేదు. బ్యారేజీ నిలిపిన నీళ్లు కావడంతో నది కూడా కదలడం లేదు. తెరచాప చుట్టే ఉంచి, లైఫ్ జాకెట్లు వేసుకుని భవానీ ద్వీపానికి బయల్దేరాం. ఇద్దరి పడవలో ముగ్గురం. మధ్యలో బస్సు సీటు మీద బావగారు, వెనక అక్క, ముందు భాగంలో క్యారియర్ ఒళ్లో పెట్టుకుని నేను.

తెడ్లు వేసేవాడు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవాలి. అంటే బావగారికి వదిలొచ్చిన ఘాట్ కనిపిస్తుంది, చేరాల్సిన ద్వీపం అక్కకి కనిపిస్తుంది. "ఎడమకి తిప్పండి" అంది అక్క. ఆయన తన ఎడమకి తిప్పారు. "ఎడమకండీ!" ఇంకొంచెం తిప్పారు. ద్వీపం పక్కకి జరిగి, ఘాట్ మళ్లీ నా ముందుకొచ్చింది. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో ఒకరి మాట ఒకరు అంత శ్రద్ధగా విన్నది నేనెప్పుడూ చూడలేదు, ఫలితం మాత్రం ఇదీ. చివరికి కుడి ఎడమలు మానేసి, "దుర్గమ్మ గుడి వైపు", "థర్మల్ పొగగొట్టాల వైపు" అనుకునే ఒప్పందానికొచ్చాక పడవ దారిలో పడింది.

నది మధ్యకొచ్చేసరికి మ్యాట్ కొద్దిగా తడిగా కనిపించింది. ఫ్లాస్కు ఒలికిందనుకున్నాం. "దానికో ఏర్పాటుంది" అని బావగారు వంగి, మ్యాట్ అంచు ఎత్తి, ఒక మీట నొక్కి, మ్యాట్ మళ్లీ కప్పేశారు. సెల్ఫ్ బెయిలర్ అట. పడవ అడుగున చిన్న కంత, దానికి కిందికి దిగే స్టీలు మూత. పడవ దూసుకుపోతుంటే బయటి నీటి ఒరవడి లోపలి నీళ్లని ఆ కంతలోంచి లాగేస్తుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఇంగ్లిష్‌వాళ్ల బుర్రే బుర్ర అన్నారు.

అందులో "దూసుకుపోతుంటే" అన్నది షరతు. మేం పోతున్న వేగానికి మా పక్కన తేలుతున్న గుర్రపుడెక్క కూడా వెనకబడటం లేదు. వేగం లేకపోతే ఆ కంత వట్టి కంతే. నీళ్లు వెనక్కి రాకుండా ఆపాల్సిన రబ్బరు రెప్ప ఏనాడో అరిగిపోయింది. కృష్ణమ్మ లోపలికి రావడం మొదలుపెట్టింది. పైన గడ్డి మ్యాట్ ఉంది కాబట్టి మాకెవరికీ కనిపించలేదు.

ముందు అక్క పాదాలు తడిశాయి. తరవాత మ్యాట్ మెల్లగా లేచింది. దాంతోపాటు దాని మీదున్న ఫ్లాస్కు, అక్క చెప్పులు కూడా లేచాయి.

"ఏవండీ, మునిగిపోతున్నాం."

"మునగదే. గాలి సంచులున్నాయి. నిండుతుందంతే."

"కంత మూయండి బావగారూ!" అన్నాను.

"మూస్తే ఉన్న నీళ్లెలా పోతాయిరా? స్పీడ్ పెంచాలి." ఆరడుగుల తెడ్లతో స్పీడ్ పెంచారు. ఒక తెడ్డు నీళ్లకి అందలేదు, రెండోది నా మీద నీళ్లు చల్లింది. నేను క్యారియర్‌లో పై గిన్నె ఖాళీ చేసి తోడటం మొదలుపెట్టాను. అది పులిహోర గిన్నె కాదు, పెరుగన్నం గిన్నె. ఇంత కంగారులోనూ అక్క "పైది తియ్" అని చెప్పబట్టి పులిహోర దక్కింది.

అటుగా ఇంజన్ నాటుపడవలో పోతున్న ఒక వలల మనిషి మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. ముందు "సౌండ్ హారన్" చదివాడు. తరవాత లోపలికి తొంగి చూశాడు.

"ఏంటి సార్, అడుగున చిల్లెట్టుకుని తిరుగుతున్నారు?"

బావగారు వివరించబోయారు. అతను వినకుండా మా పడవ ముక్కుకి తాడేసి, ఇంజన్ స్టార్ట్ చేసి లాగాడు. పందెం పడవకి ప్రాణం లేచొచ్చింది. ముక్కు పైకెత్తి ఉరికింది. మ్యాట్ కింద గుడగుడమని చప్పుడు. చూస్తుండగానే నీళ్లు దిగిపోయాయి, మ్యాట్ నేలకి అంటుకుంది, చెప్పులు యథాస్థానానికొచ్చాయి.

"చూశావా! చూశావా! లాగుతోంది!" బావగారు బస్సు సీటు మీద సగం లేచి నిలబడ్డారు. రిటైర్మెంట్ సన్మానం రోజున కూడా ఆయన మొహంలో అంత వెలుగు లేదు.

ఘాట్ దగ్గరపడింది. అతను ఇంజన్ తగ్గించాడు. గుడగుడ ఆగి, మ్యాట్ మళ్లీ పైకి లేవడం మొదలైంది.

"ఆపకయ్యా, ఆపకు!" అరిచారు బావగారు.

"ఒడ్డొచ్చేసింది సార్."

"ఆపితే నిండుతుంది. ఇంకో రౌండు తిప్పు."

అక్క చెప్పులు ఒక చేత్తో, పులిహోర ఇంకో చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోయింది. ఆయన అటు చూడనైనా లేదు. జేబులోంచి తడిసిన పర్సు తీసి, వలల మనిషితో బేరంలో పడ్డారు.

"రౌండుకి డీజిల్ ఎంతవుతుంది? నెలకి మాట్లాడుకుంటే తగ్గిస్తావా?"