సవరణ: గుట్టల వాగుల ఆర్డర్ లెక్క

హనుమకొండ చుట్టుపక్కల గుట్టల వాగుల మీద పెట్టిన పోయిన పోస్టులో "పిల్లవాగు కలిసిన ప్రతిచోటా ఆర్డర్ ఒకటి పెరుగుతుంది" అని ఉంది. ఆర్డర్ అంటే వాగుల అల్లికలో ఆ వాగు స్థాయి; వేరే పాయ ఏదీ కలవని మొదటి పాయది ఒకటో ఆర్డర్. పోస్టులోని ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి: వాగులకు ఆర్డర్ ఇచ్చే స్ట్రాలర్ పద్ధతిలో ఒకే ఆర్డర్ ఉన్న రెండు వాగులు కలిస్తేనే పై ఆర్డర్ వస్తుంది. రెండో ఆర్డర్ వాగులో ఒకటో ఆర్డర్ పాయలు ఎన్ని వచ్చి పడ్డా అది రెండో ఆర్డరే.

ఇంకోటి. ఊళ్లోని నాలాల్లో ఏడాదంతా నీళ్లున్నాయని వాటిని జీవవాగుల కింద చూపించాం. అది కుదరదు. ఎండాకాలంలో అక్కడ పారేది ఇళ్లలోంచి వచ్చే వాడుక నీళ్లు, పైన సబ్బు నురగ. అదే వాగును గుట్ట మీద బండల సందున చూస్తే ఏప్రిల్‌లో ఒట్టి ఇసుక, ఎండుటాకులు. గట్టి గ్రానైట్ బండ నీళ్లను పెద్దగా ఇంకించుకోదు, అందుకే వాన వెలిశాక పైపాయలు తొందరగా ఆరిపోతాయి. కాబట్టి వాగు రకాన్ని కాలనీల్లోకి దిగకముందే, గుట్ట అంచున తేల్చాలి.

స్లాబు వేసి మూసిన వాగుల్ని మాత్రం మ్యాపులోంచి తీసేయకండి. పైన ఇల్లున్నా వాననీళ్లకు దారి అదే. 2020 ఆగస్టులో హనుమకొండలోని నయీంనగర్ నాలా పొంగినప్పుడు చూశాం కదా. పాత టోపోషీట్‌లో (సర్వే వాళ్ల వివరమైన మ్యాపులో) వాగు గీత ఉంటే దాన్ని ఆర్డర్ లెక్కలో ఉంచండి.