అద్దం చూపినంత తెర చూపిస్తోందా?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే చెక్క దుంగలో చెక్కిన జంట బొమ్మ ఒకటుంది. ఇద్దరూ జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని పాత్రలు. ముందు నుంచి చూస్తే తలెత్తి దర్పంగా నిలబడ్డ సైతాను మెఫిస్టోఫిలిస్. వెనక వైపు తల వంచుకుని నిలబడ్డ అమాయకురాలు మార్గరెట్టా. బొమ్మ వెనక ఒక పెద్ద అద్దం పెట్టారు. ఎదురుగా నిలబడ్డవాళ్లకు చెక్కలో అతను, అద్దంలో ఆమె ఒకేసారి కనిపిస్తారు. ఆ అద్దం కరెంటు లేకుండా, యాప్ డౌన్‌లోడ్ చేయమని అడగకుండా, వస్తువులో మన కంటికి అందని వైపును అందిస్తుంది. అద్దంలోకి పోయిన చూపు అక్కడే ఉండిపోదు, మళ్లీ చెక్క మీదికి వస్తుంది. ఒకే దుంగలో ఇద్దరు ఎలా పట్టారా అని వెతుకుతుంది.

మ్యూజియంలోకి వచ్చే ప్రతి కొత్త పరికరాన్నీ నేను ఈ అద్దం పక్కన పెట్టి చూస్తాను. చూపును వస్తువు దగ్గరకు తిరిగి పంపుతోందా, తన దగ్గరే కట్టిపడేస్తోందా?

ఈ పరికరాల కథ కొత్తదేమీ కాదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం షార్ట్‌వేవ్ రేడియోతో సందర్శకుల చెవిలో వ్యాఖ్యానం వినిపించింది. చెవి వింటుంటే కన్ను బొమ్మ మీదే ఉంటుంది కాబట్టి ఆడియో గైడ్ ఇన్నేళ్లయినా నిలబడింది. ఆ తర్వాత వచ్చిన టచ్‌స్క్రీన్లు, క్యూఆర్ కోడ్‌లు, వీఆర్ కళ్లద్దాలు అన్నీ కంటినే అడుగుతాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అందరి చేతిలో ఉండే ఫోన్‌నే తీసుకోండి. సాలార్‌జంగ్‌లో మ్యూజికల్ క్లాక్ ముందు మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి జనం గుమిగూడతారు. చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టి లోపలికి పోతుంది. ఇప్పుడు ఆ కొద్ది క్షణాలను చాలామంది ఫోన్ తెరలోనే చూస్తున్నారు. దీని మీద అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ ఒక మ్యూజియంలోనే ప్రయోగం చేశారు. ఊరికే చూసిన వస్తువులతో పోలిస్తే, ఫొటో తీసిన వస్తువుల గురించి జనానికి తక్కువ గుర్తుంది. గుర్తుపెట్టుకునే పని కెమెరాకు అప్పగించేశామన్నమాట. అయితే ఆ ప్రయోగంలో నాకు ముఖ్యంగా తోచింది ఇంకోటి. వస్తువులో ఒక భాగం మీదికి జూమ్ చేసి ఫొటో తీసినవాళ్ల జ్ఞాపకం అలా తగ్గలేదు, జూమ్ చేయని భాగాలు కూడా గుర్తున్నాయి. అంటే తప్పంతా ఫోన్‌ది కాదు. సాలార్‌జంగ్‌లోని రెబెకా విగ్రహం ముందు నిలబడి, ఇటలీ శిల్పి బెంజోనీ చలువరాతిలో అంత పల్చటి మేలిముసుగును ఎలా తెచ్చాడో చూడాలని కళ్ల దగ్గరి మడతల మీదికి జూమ్ చేసేవాళ్లకు ఫోన్ భూతద్దంలా పనికొస్తుంది. విగ్రహానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకుని కదిలిపోయేవాళ్లకు కాదు. కాబట్టి ఫోన్లు నిషేధించమనే వాదన నాకు నచ్చదు. ఎక్కడ జూమ్ చేసి చూడాలో చెప్పే ఒక్క వాక్యం లేబుల్ మీద ఉంటే చాలు.

గోడల నిండా, నేల నిండా వ్యాన్ గో చిత్రాలు ప్రవహించే ప్రొజెక్షన్ షోలు కూడా ఈమధ్య బాగా నడుస్తున్నాయి. వాటిని తప్పుపట్టను, పిల్లలు సంతోషపడతారు. కానీ ఆ హాల్లో వ్యాన్ గో కుంచె తాకిన కాన్వాస్ ఒక్కటీ ఉండదు. చూపు తిరిగి వెళ్లడానికి అక్కడ వస్తువే లేదు. మ్యూజియంలకు వచ్చే కొద్దిపాటి డబ్బును ఇలాంటి హంగులకే పోస్తే మాత్రం బాధ కలుగుతుంది.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 2014లో బ్రిటిష్ మ్యూజియం చేసింది. ఎనిమిది మమ్మీలను సీటీ స్కాన్ చేసి, కట్లు విప్పకుండానే లోపలి చర్మం, ఎముకలు, తాయెత్తులు పొరలు పొరలుగా తెర మీద చూపించింది. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలోనూ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. పిల్లలు దాని ముందుకు రాగానే అడిగేది ‘లోపల నిజంగా మనిషున్నారా?’ అనే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే తెర అద్దం పరీక్షలో నెగ్గుతుంది. జవాబు తెలిశాక పిల్లలు మళ్లీ మమ్మీ వైపే తిరుగుతారు.

భాష సంగతి కూడా చెప్పాలి. చాలా చోట్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కేటలాగ్‌లోని ఇంగ్లిష్ పేరా తెర మీదికి వస్తుంది. ఊరి నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన కుటుంబానికి అందులో దక్కేది ఏమీ లేదు. పక్కన నిలబడి ఒక పెద్దాయన చెబుతున్నట్టు రెండు నిమిషాల తెలుగు మాట వినిపిస్తే చాలు. చదవడం రాని అవ్వ కూడా మనవడితో సమానంగా చూస్తుంది.

మన తెలుగువాళ్లకు ఈ అద్దం అన్నిటికంటే ఎక్కువ అవసరమైన చోటు అమరావతి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను చూసేనాటికే రాళ్లు తవ్వి ఇళ్లకూ గుళ్లకూ వాడుకుంటున్నారు. ఆయన 1816లో మళ్లీ వచ్చి, తన బృందంతో శిల్పాలకు బొమ్మలు గీయించాడు. కొన్ని ఫలకాలు తర్వాత మాయమయ్యాయి, ఈరోజు ఆ బొమ్మల్లోనే మిగిలాయి. ఆనాటి టెక్నాలజీ కాగితం, పెన్సిలే. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలావరకు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పుడు అమరావతి స్తూపం అంటే కొంత లండన్, కొంత చెన్నై ఎగ్మూరు, కొంత అమరావతి. ఏ ఒక్క ఊళ్లో చూసినా పూర్తి స్తూపం కళ్లకు కట్టదు.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకం సంగతి చూడండి. ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి చెక్కడం: బోధివృక్షం, దాన్ని పూజిస్తున్న భక్తులు. కొన్ని వందల ఏళ్ల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, అదే రాయిని తిప్పి రెండో వైపు స్తూపం రూపాన్నే చెక్కారు. తోరణ స్తంభాలు, సింహాలు, ప్రాకారం, పైన అండం అనే గుండ్రటి గుమ్మటం అన్నీ అందులో ఉన్నాయి. కూలిపోయిన స్తూపం ఎలా ఉండేదో మనకు తెలియడానికి ఇలాంటి ఫలకాలే ముఖ్య ఆధారం. చెన్నైలోనేమో చాలా ఫలకాలను పాత రోజుల్లో సిమెంటుతో గోడలకు బిగించేశారు, వెనక ఏముందో చూసే వీల్లేదు.

ఈ ముక్కల్ని ఒకే నమూనాలో కలపడం ఇప్పుడు అసాధ్యం కాదు. రాయిని అన్ని కోణాల నుంచీ ఫొటోలు తీసి, వాటితో త్రీడీ రూపం కట్టే పద్ధతికి మంచి కెమెరా, ఓపిక ఉన్న మనుషులు చాలు. బ్రిటిష్ మ్యూజియం 2020లో తన ఆన్‌లైన్ సేకరణను కొత్తగా తెరిచినప్పుడు లక్షల ఫొటోలను వ్యాపారేతర వాడకానికి ఉచితంగా ఇచ్చింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్‌తో సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియంల వస్తువులు ఇప్పటికే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉన్నాయి. సరంజామా ఉంది. లేనిదల్లా ఈ ముక్కలన్నీ ఒకే స్తూపానివని గుర్తుపెట్టుకుని, వాటికి ఒక జాబితా, ఒక పటం తయారుచేసే బాధ్యత తీసుకునేవాళ్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డిజిటల్ నమూనా చేతికొచ్చింది కదా, ఇక అసలు రాళ్ల ఊసెందుకు అనే మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకూడదు. నమూనా చూసిన పిల్లవాడికి ‘ఆ రాయి లండన్‌లో ఎందుకుంది?’ అన్న ప్రశ్న ఇంకా గట్టిగా పుట్టాలి. అమరావతి దిబ్బ దగ్గర నిలబడి ఫోన్ ఎత్తితే ప్రాకారం ఎక్కడుండేదో, ప్రదక్షిణ ఎటు సాగేదో, ఏ ఫలకం ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలుగులో తెలియాలి. లండన్‌తో, చెన్నైతో ఒప్పందాలకు ఏళ్లు పట్టవచ్చు. అమరావతి మ్యూజియంలోనే ఉన్న ఫలకాలను ముందూ వెనకా ఫొటోలు తీసే పనికి మాత్రం ఏ ఒప్పందమూ అక్కర్లేదు. దాన్ని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.