చేపల తొట్టిలో కప్పల కాపురం: పెట్టవచ్చా, కూడదా?

విషయం: చేపలు ఖాళీ అయిన గాజు తొట్టి ఒకటి ఉంది. పొడవు 90, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. దాన్ని సగం నీరు, సగం నేల ఉండే పాలుడేరియంగా మార్చి ఉభయచరాలను పెంచవచ్చని వాది అంటారు. తొట్టిని చేపలకే వదిలేసి, కప్పలకు ముందు వైపు తలుపున్న టెర్రేరియం (నేల మీది జీవులను పెంచే గాజు పెట్టె) తెచ్చుకోవాలని ప్రతివాది అంటారు.

వాది: చేపల తొట్టికి పుట్టుకతో వచ్చిన గుణం నీళ్ళు నిలపడం. ముందు తలుపున్న టెర్రేరియాల్లో చాలావాటికి తలుపు అడుగుకు దగ్గరగానే మొదలవుతుంది కాబట్టి నాలుగు వేళ్ళ లోతుకు మించి నీళ్ళు పోయలేం. ఇందులో 12 సెంటీమీటర్లు హాయిగా నిలుస్తాయి. అంచుదాకా నింపితే 182 లీటర్లు మోసే గాజు అందులో నాలుగో వంతుకు బెదరదు.

ప్రతివాది: నీళ్ళు సరే, గాలి మాటేమిటి? నాలుగు వైపులా గాజు, పైన మూత. కిందినుంచి గాలి చొరబడే దారే లేదు. ఆకులు కుళ్ళుతాయి, మురికి తడిలో కూర్చున్న కప్పకు చర్మం మీద బాక్టీరియా చేరుతుంది. పైగా మీ చేయి ఎప్పుడూ పైనుంచే దిగాలి. పైనుంచి దిగేదేదైనా కప్పకు కొంగ ముక్కే కదండీ!

వాది: మూత మొత్తం గాజు పెట్టమనడం లేదు. ముందు అంచు పొడవునా 10 సెంటీమీటర్ల వెడల్పున సన్న స్టీలు జాలీ, వెనక మూలలో ఇంకో జాలీ ముక్క, దాని మీద 80 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్. గంటకు పది నిమిషాలు తిరిగితే చాలు. పొద్దున గాజుకు పట్టిన ఆవిరి మధ్యాహ్నానికి విడిపోయిందంటే గాలి సరిపోతున్నట్టే. ఇక చేయి సంగతి: ఇందులో చెట్టు కప్పలను పెట్టను. వాటికి ఎత్తు కావాలి, ఈ తొట్టి పొట్టిది. డార్ట్ కప్పలనూ పెట్టను, అవి ఈతకు పనికిరావు. నేను ఎంచుకున్నది ఫైర్‌బెల్లీ టోడ్ అనే చిన్న కప్ప. 4 నుంచి 5 సెంటీమీటర్ల జీవి, పగలు తిరుగుతుంది, రోజులో సగం నీళ్ళలోనే తేలుతూ గడుపుతుంది. దానికి కావలసింది వెడల్పైన నేల, నీరు. ఈ కొలతకు నాలుగైదు చాలు.

ప్రతివాది: జీవిని ముందు ఎంచుకుని ఇల్లు తర్వాత కట్టాలన్న మాట బాగుంది. చాలామంది తొట్టి ఉంది కదా అని మొదలుపెడతారు. కానీ ఆ తొట్టి చరిత్ర మీకు తెలుసా? చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే రాగి ఉన్న మందు పోసి ఉండవచ్చు, ఫార్మలిన్ పోసి ఉండవచ్చు. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. చేప తట్టుకున్నది కప్ప తట్టుకోదు.

వాది: ఇక్కడ మీతో వాదించను. రాగి మందు వాడారని తెలిసినా, ఏం వాడారో తెలియకపోయినా ఆ తొట్టి ముట్టుకోవద్దు. పాత కంకర, రాళ్ళు, కొయ్యలు అసలే వద్దు, అవి రాగిని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. చరిత్ర శుభ్రంగా ఉంటే మటుకు పాత తొట్టికి ఓ లాభం ఉంది: మందు తగలని ఫిల్టర్ స్పాంజి. అందులో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఇప్పటికే కాపురం ఉంటుంది. కొత్త స్పాంజితో మొదలుపెడితే అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ప్రతివాది: సరే, నేల ఎలా కడతారు? గాజు పలకతో అడ్డుకట్ట వేసి ఒకవైపు కంకర, మట్టి నింపుతారా?

వాది: నింపను. అలా చేస్తే నీళ్ళు సగానికి సగం, దాదాపు 24 లీటర్లకు పడిపోతాయి. ఆ కొద్ది నీళ్ళు రెండు రోజుల్లో పాడవుతాయి. నేను ఫాల్స్ బాటమ్, అంటే కింద నీళ్ళు తిరిగేలా కాళ్ళ మీద నిలిపిన నేల, కడతాను. సీలింగ్ లైట్ల కింద బిగించే ప్లాస్టిక్ గడుల జాలీ ఉంటుంది కదా, దాన్ని 45 సెంటీమీటర్ల చదరంగా కోసి, 15 సెంటీమీటర్ల పొడవున కోసిన పీవీసీ పైపు ముక్కలు తొమ్మిదింటి మీద నిలబెట్టాలి. జాలీ మీద సన్న ఫైబర్ మెష్, దాని మీద 3 సెంటీమీటర్ల మట్టి గుళికలు, మళ్ళీ మెష్, ఆపైన 6 సెంటీమీటర్ల కొబ్బరిపొట్టు, ఆకుల మిశ్రమం. నీరు 12 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది. నేల కింద కూడా నీళ్ళే కాబట్టి మొత్తం 45 లీటర్ల పైచిలుకు తిరుగుతూ ఉంటుంది.

ప్రతివాది: నీటి మట్టానికీ జాలీకీ మధ్య మిగిలే ఆ 3 సెంటీమీటర్ల ఖాళీ మీ ప్రాణాధారం. ఒక మూల మెష్ జారి మట్టి నీటిని తాకిందంటే దీపం వత్తి నూనె పీల్చినట్టు నేలంతా నీళ్ళు లాగేస్తుంది. గాలి ఆడని మట్టి కుళ్ళి, కోడిగుడ్డు కుళ్ళిన కంపు కొడుతుంది. వేళ్ళు నల్లబడతాయి. కింద పేరుకున్న మడ్డిని ఎలా తీస్తారు? నేలంతా పీకాలి.

వాది: అందుకే వెనక మూలలో 75 మిల్లీమీటర్ల పైపును అడుగునుంచి నేల మీదిదాకా బావిలా నిలబెడతాను. అడుగున రంధ్రాలు, పైన మూత. పంపు అందులోనే ఉంటుంది, మడ్డిని సన్న గొట్టంతో అందులోంచే లాగవచ్చు. మెష్ అంచులను గాజుకు సిలికాన్‌తో అతికిస్తాను. బూజు మందు కలపని, వెనిగర్ వాసన వేసే సిలికాన్ కావాలి. ఆ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళు పోయకూడదు. మందంగా పూసినచోట వారం పట్టవచ్చు.

ప్రతివాది: వెనక గోడకు ఫోమ్ కొట్టి జలపాతం పెడతారు, అంతేనా? అందరూ దెబ్బతినేది అక్కడే. ఫోమ్ నీళ్ళలో తేలుతుంది, నీటి మట్టం కింద అతికించిన ముక్క కొన్నాళ్ళకు ఊడి పైకి లేస్తుంది. జలపాతం నీళ్ళు ఫోమ్ వెనక్కి దారి చేసుకుని మట్టిలోకి దిగుతాయి.

వాది: ఫోమ్ నీటి మట్టానికి పైనే ఆపాలి. జలపాతం మానేయడమే మేలు, ఈ జీవికి ఉరవడి పడదు కూడా. గంటకు 300 లీటర్లు పంపే చిన్న పంపు, దాని నోటికి స్పాంజి, నీళ్ళు గాజు వెంట జారి పడేలా ఒక గొట్టం. పంపు పెట్టె మీద రాసిన లెక్క ఎత్తు సున్నా అయినప్పటిదని గుర్తుంచుకోవాలి. 30 సెంటీమీటర్లు ఎత్తితే ధార బాగా తగ్గుతుంది.

ప్రతివాది: ఒడ్డు?

వాది: నేల ముందంచున నిటారు గోడ ఉండకూడదు. అలసిన కప్ప గోడ వెంట ఈదుతూనే మునిగిపోతుంది. నీళ్ళ అడుగునుంచి నేలదాకా 30 డిగ్రీల వాలున గరుకు బెరడు. దానికి తోడు నీళ్ళలో రెండు కొయ్యలు, తేలే మొక్కలు. అడుగున సన్న ఇసుక వేయాలి, లేదా కప్ప తలకంటే పెద్ద గులకరాళ్ళు. మధ్యస్థ కంకర వేస్తే పురుగుతోపాటు మింగి పేగు మూసుకుపోతుంది.

ప్రతివాది: అందులో నాలుగు గప్పీ చేపలు వదులుదామని అడిగేవాళ్ళున్నారు.

వాది: వద్దు. ఈ కప్ప చర్మం విషం వదులుతుంది. 45 లీటర్లలో అది చేపలకు ప్రమాదం. వేరే జాతి కప్పనూ కలపకూడదు. పట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే మనకూ మంటే.

ప్రతివాది: నీళ్ళు మార్చేటప్పుడు ఇంకో సంగతి. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ ఒక రోజు నిలవ ఉంచితే పోతుంది కానీ క్లోరమైన్ పోదు, దానికి విరుగుడు మందు కలపాల్సిందే. తీసిన నీళ్ళు చెరువులోనో కాలువలోనో పోయకూడదు. 1999లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన కైట్రిడ్ శిలీంధ్రం నీళ్ళలోనే ఈదుకుంటూ పోయి అడవి కప్పల జాతులనే తుడిచిపెట్టింది. కొత్త కప్పను కనీసం 30 రోజులు వేరే డబ్బాలో ఉంచి చూడాలి.

వాది: ఒప్పుకుంటున్నాను. ఇంకేమైనా మిగిలిందా?

ప్రతివాది: అసలుది మిగిలే ఉంది. వేడి. మీ కప్ప స్వస్థలం కొరియా, ఈశాన్య చైనా. దానికి 18 నుంచి 24 డిగ్రీలు సుఖం, 28 దాటితే ప్రాణసంకటం. చేపల తొట్టి వేడెక్కితే నీటి మీదికి ఫ్యాన్ తిప్పుతాం, నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మూత పెట్టిన పాలుడేరియంలో గాలి అప్పటికే తడిసి ఉంటుంది, నీరు ఆవిరి కాదు, ఫ్యాన్ తిరిగినా చల్లబడదు. పైన ఎల్ఈడీ వెలుగు, చుట్టూ గాజు. గది 25 ఉంటే లోపల 27.

వాది: లైటును మూతకు 10 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీయవచ్చు, ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోసేలా తిప్పవచ్చు, జాలీ వెడల్పు పెంచవచ్చు. అప్పుడు తేమ తగ్గుతుంది, అయినా సగం నీళ్ళున్న తొట్టి కాబట్టి ఈ జీవికి ఇబ్బంది లేదు. కానీ గదే వేడిగా ఉంటే ఇవేవీ గట్టెక్కించవు. అందుకే ఫోమ్ డబ్బా విప్పకముందే తొట్టిలో 12 సెంటీమీటర్ల నీళ్ళు పోసి, మూత, లైటు బిగించి, కనిష్ఠ గరిష్ఠాలు చూపే థర్మామీటరును లోపల పెట్టి, ఏడాదిలో అన్నిటికంటే వేడి రోజుల్లో రెండు వారాలు రాసుకోవాలి.

ప్రతివాది: ఆ రెండు వారాల్లో రెండు మూడు రోజులే 27 దాటితే?

వాది: దాటితే అందులోకి మళ్ళీ చేపలే.